ఆకలి లేని చేప

సుధామయి జన్మలో చేప తినలేదు. ముట్టుకోను కూడా లేదు. అలాంటి మనిషి ఫిబ్రవరి నెలలో, ఊపిరి వదిలితే ఆడవాళ్ళకు కూడా తెల్లమీసాలు మొలిచే చలిలో, గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని గాలం వేసిందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వండి, ఫర్వాలేదు. విన్నిపెగ్‌లో మనవాళ్ళందరూ నవ్వారు. ఎందుకు వేసిందో తెలిశాక మాత్రం కొంచెం తగ్గారు.

ఆమెది తెనాలి. వంటింట్లోకి ఉల్లిపాయ కూడా మొహమాటపడుతూ వచ్చే వంశం. ఆమె మొగుడిది నరసాపురం. అక్కడ పుట్టి చేప తిననన్న వాణ్ణి గోదావరి ఒడ్డున నిలబడనివ్వరు. వీరరాఘవులు అని నిండైన పేరు, ఆ పేరుకు తగ్గ నిండైన మనిషి. విశాఖపట్నంలో ఆమె ఎక్స్‌రేలు తీసే ఆసుపత్రికి ముంజెయ్యి విరగ్గొట్టుకుని వచ్చాడు. "మొహం చూసి చేసుకున్న వాళ్ళున్నారు, కులం చూసి చేసుకున్న వాళ్ళున్నారు. ఎముక చూసి చేసుకుంది మా ఆవిడొక్కతే," అని ఇప్పటికీ ప్రతి పార్టీలోనూ చెప్పుకుంటాడు. రెండు వైపులా పెద్దవాళ్ళు అలిగితే రిజిస్ట్రారు ఆఫీసులో దండలు మార్చుకుని, కొన్నాళ్ళకు కెనడా అనే ఈ చలిదేశం వచ్చి పడ్డారు. ఆయన రోడ్ల శాఖలో ఇంజనీరు, ఆమె ఇక్కడ కూడా ఎక్స్‌రే గదిలోనే. ఒక్కతే కూతురు, తేజశ్రీ. ఉద్యోగం టొరంటోలో.

మొట్టమొదటి అపార్ట్‌మెంటులో పాలు పొంగించిన రోజున రాఘవులు గడప మీద నిలబడి, "సుధా, ఈ గడప లోపలికి చేప రాదు. నా మాట," అన్నాడు. ఆమె అడగలేదు. అడగకుండా ఇచ్చిన వరం కదా అని ఆమె వద్దనలేదు కూడా. అపార్ట్‌మెంటు పోయి ఇల్లు వచ్చింది, జుట్టు నల్లది పోయి తెల్లది వచ్చింది, ఆ మాట మాత్రం అలాగే ఉంది.

మరి గోదావరి నాలుక ఊరుకుంటుందా? ఊరుకోదు. అందుకే చిన్నిల్లు వెలిసింది.

కంగారు పడకండి, మీరనుకునే చిన్నిల్లు కాదు. ఊరికి తూర్పున, గోధుమ పొలాలు అయిపోయి రాళ్ళూ దేవదారు చెట్లూ మొదలయ్యే చోట ఒక సరస్సు ఉంది. మైళ్ళ కొద్దీ ఉన్నా రాఘవులు దాన్ని చెరువనే అంటాడు. డిసెంబరులో అది లారీలు నడిచేంత గట్టిగా గడ్డకడుతుంది. అప్పుడు చెక్కతో కట్టిన చిన్న గుడిసెను ట్రక్కు వెనక కట్టి లాక్కెళ్ళి దాని మీద నిలబెడతాడు. లోపల రెండు కుర్చీలు, ఒక గ్యాస్ పొయ్యి, ఒక మసి గిన్నె. నేలలో ఒక కంత, దాని కింద మంచులో ఒక కంత. పడితే వాల్‌ఐ, పెర్చ్ అనే ఇక్కడి చేపలు, అప్పుడప్పుడు మొసలి మూతి పైక్. అక్కడే పట్టి, అక్కడే వండి, అక్కడే తిని, వేణ్ణీళ్ళతో సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కుని, కోటు గరాజ్‌లో వదిలి, తలారా స్నానం చేసి గానీ ఇంట్లోకి రాడు. దానికి చిన్నిల్లని పేరు పెట్టింది స్నేహితులు. చిన్నింటికి పెళ్ళాన్ని కూడా వెంటబెట్టుకు వెళ్ళే మగాడు ప్రపంచంలో ఇతనొక్కడే అని వాళ్ళ ఎగతాళి.

నిజమే, సుధామయి వెళ్ళేది. మొదటిసారి మొగుడి పోరు పడలేక వెళ్ళింది. దద్ధోజనం డబ్బా, అల్లిక సంచీ పట్టుకుని, మధ్యాహ్నానికి బోరు కొట్టి చస్తాననుకుంటూ కూర్చుంది. రాఘవులు తలుపు మూసి, కిటికీకి నల్లగుడ్డ దింపాడు. గుడిసె చీకటైపోయింది. అప్పుడు కాళ్ళ దగ్గర కంత వెలిగింది.

బయటి ఎండ మంచులోంచి వడగట్టుకుని నీళ్ళలోకి దిగుతుందట. గదిలో దీపం లేకపోతే ఆ వెలుగంతా కంతలోంచి పైకి వస్తుంది. లేత ఆకుపచ్చ వెలుగు. అందులో అడుగున రాళ్ళు కనపడుతున్నాయి, నాచు ఊగుతోంది, ఎవరో పారబోసుకున్నట్టు చిన్న చిన్న గవ్వలు. చూస్తూండగానే ఒక చేప, ఎక్కడికీ తొందర లేనట్టు, ఆ వెలుగులోకి వచ్చి, కాసేపు ఉండి, వెళ్ళిపోయింది. ఉద్యోగమంతా చీకటి గదిలో వెలిగే బొమ్మలు చూసిన మనిషి ఆమె. ఆ బొమ్మల్లో ఎప్పుడూ ఎవరిదో ఒకరి నొప్పి ఉండేది. ఇందులో ఏ నొప్పీ లేదు. దద్ధోజనం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తిరిగి వచ్చింది. ఆ తరువాత ఏ చలికాలమూ మానలేదు. ఆయన గాలం వేస్తాడు, ఆమె చూస్తుంది. చేప పడగానే గుమ్మం బయటికి వెళ్ళి నిలబడుతుంది, అంతే ఒప్పందం.

ఆ వెలుగులో ఆమెకు బాగా ఇష్టమైంది బాస్ చేప. పచ్చటి గోధుమ రంగు ఒళ్ళు, అడ్డంగా నీడల్లాంటి చారలు, ఎర్రటి కళ్ళు. మిగతావి వచ్చి పోతుంటే అది మాత్రం అడుగున రాళ్ళ పక్కన కదలకుండా నిలబడి ఉండేది.

"అది జబ్బుగా ఉందాండీ?" అని అడిగింది ఒకసారి.

"జబ్బా పాడా! ఎండాకాలం దాన్ని పట్టాలి నువ్వు, గాలంతో పాటు మనిషినీ లాక్కుపోతుంది. చలికాలం దానికి ఆకలుండదు, అంతే. మూతి ముందు పెట్టినా మొహం తిప్పుకుంటుంది. ఇన్నేళ్ళలో మంచు కింద బాస్‌ని ఒక్కదాన్ని పట్టలేకపోయాను, చూడు," అన్నాడు రాఘవులు. ఆ మాటంటున్నప్పుడు ఆయన గొంతు కాస్త చిన్నబోయింది.

ఆ గొంతులోనే కిందటి ఏడాది గడ్డ తేలింది.

ఎక్స్‌రేలు తీసే మనిషికి తన ఇంట్లో మనిషి ఫిల్ము చూడడం ఎంత కష్టమో చెప్పలేం. ఆమె చూసింది. ఏడవలేదు, సెలవు పెట్టింది, తరువాత రిటైరైపోయింది. రేడియేషన్, కీమో, అన్నీ అయ్యాయి. గడ్డ కరిగింది. స్కాన్ శుభ్రంగా ఉంది, పుళ్ళు మానాయి, ఇక ఏదైనా తినొచ్చన్నారు డాక్టర్లు. తినొచ్చు సరే, తినాలనిపించాలి కదా! కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్ళు ఊరికే అనలేదు. రాఘవులుకు అన్నం దూది అయింది, పప్పు బంకమట్టి అయింది. కాఫీ అంటేనే మొహం తిప్పుకున్నాడు. నిండైన మనిషి ఒక విడిచేసిన చొక్కాలా మంచానికి వేలాడుతున్నాడు.

సుధామయి చెయ్యని ప్రయత్నం లేదు. చారు, పెరుగు పచ్చడి, గోంగూర, మెత్తటి ఇడ్లీ. "ఇంకొక్క ముద్ద, నా కోసం," అని పొద్దున్న మొదలుపెడితే పడుకోబోయే దాకా అదే మాట. స్నేహితులు డబ్బాల్లో చేపల పులుసు తెచ్చి గరాజ్‌లో బల్ల వేసి పెట్టారు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "షాపు చేప. అట్టముక్క నమిలినట్టుంది," అని లేచి వచ్చేశాడు. చివరికి డాక్టరమ్మ తూకం యంత్రం వైపు చూసి, వచ్చే అపాయింట్‌మెంటుకి ఇంకా తగ్గితే కడుపులోకి ట్యూబు వేసి ఆహారం పంపాలి అంది. రాఘవులు గొడవ చెయ్యలేదు. కారెక్కాక నెమ్మదిగా, "ట్యూబు వద్దు సుధా. అంతదాకా వస్తే నన్ను వదిలెయ్," అన్నాడు. ఆమెకు ఆ క్షణాన పట్టుకున్న భయం మళ్ళీ వదల్లేదు. జబ్బు ఓడిపోయి వెళ్ళిపోయాక, మనిషి తనంతట తాను వెళ్ళిపోయేలా ఉన్నాడు.

అపాయింట్‌మెంటు దగ్గర పడుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కునుకు తీస్తున్నాడు. బయట కొత్త మంచు మీద ఎండ. కళ్ళు తెరవకుండానే, "చెరువు మీద ఇప్పుడు వెలుతురు ఎంత బావుంటుందో సుధా. ఆ బాస్ అక్కడే రాళ్ళ పక్కన ఉంటుంది. మా అమ్మయితే దాన్ని..." అని ఆగిపోయాడు. ఆగి, గుటక వేశాడు.

గొంతు కదలిక గురించి సుధామయికి ఎవరూ చెప్పక్కర్లేదు. నెలల తరువాత ఆ గొంతు తనంతట తాను అడిగింది. ఆమె లేచి వెళ్ళి ఫోన్‌లో ఫిషింగ్ లైసెన్సుకు అప్లై చేసింది.

కూతురికి చెబితే, "అమ్మా, ఆర్ యూ సీరియస్? యూ డోంట్ ఈవెన్ టచ్ ఎగ్స్!" అని అరిచింది.

"గుడ్డు సంగతి తరవాత చూద్దాం. ముందు చేప," అంది సుధామయి.

తరువాత అనితకు ఫోన్ చేసింది. అనిత ఆమె పనిచేసిన ఆసుపత్రి వంటశాలలో పనిచేస్తుంది. వరంగల్ మనిషి, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. పెద్ద ట్రక్కు నడుపుతుంది. రాఘవులు మంచం మీద ఉన్నా అలవాటు తప్పకూడదని డిసెంబరులో స్నేహితులతో కలిసి చిన్నింటిని సరస్సు మీదికి లాక్కెళ్ళి నిలబెట్టింది కూడా ఆమే.

"ఏందక్కా, నువ్వు చేపలు పడుతవా? మస్తు జోకేసినవ్ పో!"

"జోకు కాదు అనితా. వస్తావా, బస్సెక్కి పొమ్మంటావా?"

"లేక్ మీదికి బస్సేడుంది? ఆగు, వస్తున్న."

ఆ శనివారం పొద్దున్న, రాఘవులు నిద్రలో ఉండగా, పక్కింటావిడకు ఒక కన్ను వేసి ఉంచమని చెప్పి ఇద్దరూ బయల్దేరారు. సరస్సు మీదికి దిగేసరికి ఆకాశానికీ నేలకీ తేడా లేదు. అంతా ఒకటే తెలుపు, ఆ తెలుపులో అక్కడో ఇక్కడో గుడిసెలు తేలుతున్నట్టున్నాయి. ట్రక్కు నడుస్తోందో ఆగిందో కిందికి చూస్తే గానీ తెలియడం లేదు. దూరంగా మంచు ఎక్కడో లోపల్లోపల మూలిగింది. అది చీలడం కాదు, చలికి ఇంకా బిగుసుకుంటున్న చప్పుడని రాఘవులు చెప్పేవాడు. అయినా సుధామయి అనిత మోచెయ్యి పట్టుకుంది.

అనిత ఐస్ డ్రిల్లుతో కంత వేసింది, హీటరు వెలిగించింది. ఎర కోసం తెచ్చిన చిట్టి చేపల సంచీ విప్పబోతే సుధామయి మొహం పాలిపోయింది.

"చేపకు చేపనే గుచ్చడమా? నా వల్ల కాదు తల్లీ."

"మరి ఏం గుచ్చుతవక్కా, ఇడ్లీయా?"

చివరికి రాఘవులు పెట్టెలో మెరిసే రేకు చేప ఒకటి దొరికింది. అది కట్టి, మూరెడు గాలం కర్ర ఆమె చేతికిచ్చి, అనిత హీటరు పక్కన కుర్చీలో చేరగిలబడింది. నల్లగుడ్డ దింపారు. కంత వెలిగింది.

అదే ఆకుపచ్చ వెలుగు. అవే రాళ్ళు. ఆ రాళ్ళ పక్కన, నిజంగానే, నిరుటి నుంచీ కదలనట్టు ఒక బాస్ నిలబడి ఉంది.

సుధామయి రేకు చేపను దాని మూతి ముందుకు దింపి ఊపింది. ఊపింది, ఆడించింది, ఎగరేసింది. బాస్ ఒక రెక్క మాత్రం కదిపి మొహం పక్కకు తిప్పుకుంది. ఆమె అటువైపు దింపింది. అది ఇటు తిరిగింది. "తినవే తల్లీ, ఒక్కసారి. నా కోసం," అంది పైకే. అన్నాక ఆ మాట ఆమెకే వినపడింది. ఇంట్లో రోజంతా తాను అనే మాట అదే. మంచం మీద మనిషి తిప్పుకునే మొహం కూడా ఇలాగే ఉంటుంది. పాపం, ఎంత విసిగించానో ఆయన్ని అనుకుంది. ఆ చీకట్లో సిగ్గు వేసింది, ఏడుపు వచ్చింది.

కర్ర కదపడం మానేసింది. రేకు చేప నీళ్ళలో ఊరికే వేలాడింది. అనిత కబుర్లు చెప్పీ చెప్పీ గుర్రు పెట్టింది. హీటరు బుసబుస, బయట గాలి, అప్పుడప్పుడు మంచు మూలుగు. సుధామయి కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ మెలకువో కలో తెలియలేదు. ఎక్స్‌రే బల్ల మీద పడుకున్న ముసలివాళ్ళు, పసివాళ్ళు, అందరూ ఆ ఆకుపచ్చ వెలుగులో నెమ్మదిగా తేలిపోతున్నారు. అందరికీ ఆమె ఒకటే మాట చెప్పేది: ఊపిరి బిగబట్టండి, కదలకండి. ఇప్పుడు తానే బిగబట్టి కూర్చుంది. విరిగిన ముంజేతితో ఒక కుర్రవాడు తేలుతూ వచ్చి ఆమె వైపు చూసి నవ్వాడు. మీసం అప్పటికింకా సరిగ్గా రాలేదు.

వెలుగు కొంచెం పసుపు తిరిగింది. ఎంతసేపైందో తెలియదు. బాస్ కదిలింది. ఎవరూ పిలవకుండా, తొందరేమీ లేకుండా, రేకు చేప దగ్గరికి వచ్చి, దాన్ని అలా చూసింది. చూసి, ఆవలించినట్టు నోరు తెరిచింది. రేకు చేప మాయమైంది.

"అనితా! తింది! అది తినేసింది!"

అనిత ఉలిక్కిపడి లేచింది. ఇద్దరూ కలిసి దారం లాగారు, కుర్చీ పడింది, ఫ్లాస్కు దొర్లింది, బాస్ చెక్క నేల మీదికి వచ్చి తోకతో టపటపా కొట్టుకుంది. సుధామయి గోడకు అతుక్కుపోయింది. అనిత చెక్క సుత్తి అందుకుంది.

"ఒక్కటేస్త అక్కా, అయిపోతది."

"వద్దు, వద్దు! నా ముందర వద్దు!"

"గట్లయితే నీ ఎనక ఏస్త. అటు తిరుగు."

"అబ్బ, వద్దంటే! కొట్టొద్దు. ఈ చలికి అదే నిద్రపోయినట్టు పోతుంది."

బకెట్లోకి కంతలోంచి ఐస్ ముక్కలతో సహా నీళ్ళు తోడి, అందులో చేపను జారవిడిచి, గుమ్మం బయట మంచులో పెట్టింది. సామాన్లు సర్దుకుని వచ్చేసరికి బకెట్లో నీళ్ళు సగం బిగుసుకున్నాయి. చేప కర్రలా పడి ఉంది, మొప్ప ఆడటం లేదు. సుధామయి చేతి తొడుగులు తీసి దణ్ణం పెట్టింది. తాను చంపలేదు, చలి తీసుకుపోయింది. గాలం వేసిందెవరమ్మా అని అడగడానికి అనిత నోరు తెరిచి, ఆమె మొహం చూసి ఊరుకుంది. వచ్చేటప్పుడు సుధామయి గుడిసెలోని మసి గిన్నె కూడా ట్రక్కులో పెట్టించుకుంది.

ఇల్లు చేరేసరికి ఎండ వాలుతోంది. అనితను పంపేసి, గరాజ్‌లోంచి వంటింట్లోకి వెళ్ళే గుమ్మం దగ్గర బకెట్ పట్టుకుని నిలబడిపోయింది. ఆయన ఇన్నేళ్ళు చేపను దాటనివ్వని గడప.  తెనాలిలో తన అమ్మ గుర్తొచ్చింది, మడి వంటిల్లు గుర్తొచ్చింది. తరువాత, మేడ మీంచి ఆయన పొడి దగ్గు వినపడింది. కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చేసింది.

బిగుసుకున్న చేపను సింకులో వేసి, ఐసు కరగాలని గోరువెచ్చటి నీళ్ళు వదిలి, ఉల్లిపాయలు తరగడానికి అటు తిరిగింది. నాలుగు ముక్కలు తరిగిందో లేదో వెనక టప్ అని చప్పుడు. కొళాయేమో అనుకుంది. మళ్ళీ టప్. తిరిగి చూస్తే, సింకులోంచి ఎర్రటి కన్ను ఒకటి ఆమెనే చూస్తోంది. చూసి, తోక ఎత్తి, మొహం మీద నీళ్ళు కొట్టింది.

"అమ్మో! ఏమండీ! లేచింది! ఏమండీ, అది లేచిందీ!"

పెళ్ళాం పడిపోయిందనుకుని రాఘవులు మంచం దిగాడు. బాత్రూముకు వెళ్ళాలన్నా గోడ పట్టుకునే మనిషి, భుజాల మీద దుప్పటితో, కమ్మీ పట్టుకుని మెట్లన్నీ దిగి వచ్చాడు. సుధామయి కుర్చీ ఎక్కి నిలబడి ఉంది. సింకులో చేప ఈత కొడుతోంది.

 దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు.

"ఇది బాస్ కదూ?"

"అవునండీ."

"ఎవరు పట్టారు?"

"నేనే."

"నువ్వా? చలికాలంలోనా?" ఆయన మొహంలో కోపం లాంటిది కనపడింది. "నాకు పడంది నీకెలా పడిందే? తల మీద కొట్టలేదా?"

"చలికి పోయిందనుకున్నానండీ. బిగుసుకుపోయింది కూడా."

"చలి దానికి కొత్తా? దాని పుట్టిల్లే అది! హాయిగా నిద్రపోతున్న దాన్ని ఊరేగించి తీసుకొచ్చి, వేణ్ణీళ్ళు పోసి స్నానం చేయించావు. లేవక ఏం చేస్తుందీ?" అంటూ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు మళ్ళీ నవ్వైంది. బల్ల పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఆ ఇంట్లో వినపడి ఎన్నాళ్ళైందో! సుధామయి కుర్చీ దిగకుండానే ఏడ్చేసింది.

నవ్వు తగ్గాక ఆయన గడప వైపు చూశాడు, సింకు వైపు చూశాడు. "కత్తి ఇలా ఇయ్యి. గరాజ్‌లోకి తీసుకెళ్తాను."

"గరాజ్ ఫ్రీజర్‌లా ఉంది. మీరు నిలబడలేరు. ఇక్కడే."

"ఇది నీ వంటిల్లు సుధా. నేను మాటిచ్చాను."

"మాట ఇచ్చింది నాకే కదా. నాకు వద్దు ఆ మాట. నాకు మీరు కావాలి," అంది గట్టిగా.

రాఘవులు కత్తి అందుకున్నాడు. "అటు తిరుగు," అన్నాడు. ఆమె తిరిగింది కానీ ఆయన కాళ్ళు వణుకుతున్నాయని వీపుకు చెయ్యి ఆనించి పట్టుకుంది. ఒక్కటే దెబ్బ. ఆయన వీపులోంచి అది ఆమె అరచేతికి తెలిసింది. "క్షమించు తల్లీ," అనుకుంది. జాలి వేసింది, మామూలు జాలి కాదు. అయినా ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పొలుసు తీసి, ఉప్పూ పసుపూ వేసి కడిగి, ముక్కలు కోసి ఇచ్చేసరికి ఆయన అలసిపోయాడు. కుర్చీలో కూలబడి అక్కడి నుంచే వంట నడిపించాడు. ఆమె ముక్కుకు చీర చెంగు అడ్డం పెట్టుకుని చెప్పినట్టల్లా చేసింది. మసి గిన్నెలో నూనె, ఉల్లిపాయ, చీల్చిన పచ్చిమిరపకాయ, కరివేపాకు, చింతపండు పులుసు. ముక్కలు వేశాక గరిటె తీసుకోబోతే, "గరిటా! చంపేశావ్! ముక్క చితికిపోతుంది. గిన్నె అంచులు పట్టుకుని తిప్పు, అంతే," అని కుర్చీలోంచి లేవబోయాడు. ఆమె మసిగుడ్డతో గిన్నె పట్టుకుని గుండ్రంగా తిప్పింది. వంటిల్లంతా వాసన. ఆయన కళ్ళు మూసుకుని ఆ వాసన పీల్చాడు.

"ఉప్పు సరిపోయిందా చూడు," అన్నాడు.

సుధామయి ఆయన వైపు తిరిగింది. "నేనెలా చూస్తానండీ?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. చేపల పులుసు వండుతున్నది జన్మలో చేప తినని మనిషి. రాఘవులు ఒక్క క్షణం ఆలోచించి, నిట్టూర్చి, అరచెయ్యి చాపాడు.

ఆమె ఆ అరచేతిలో నాలుగు చుక్కలు పోసింది. ఆయన నాకాడు. కళ్ళు చిన్నవి చేసి ఆలోచించాడు.

"చాలదు. కాస్త వెయ్యి."

వేసింది. అరచెయ్యి మళ్ళీ వచ్చింది.

"ఇప్పుడు పులుపు మీదికొచ్చింది. చిన్న బెల్లం ముక్క."

బెల్లం పడింది. "ఇప్పుడు చూడండి." చూశాడు. "ఇంకాస్త మరగాలి." మరిగింది. "ఇప్పుడో?" ఈసారి చుక్కలు కాదు, చెంచాడు పోసింది. అంతా పోయింది. "కారం సరిపోయిందో లేదో చూడండి." చూశాడు. "ముక్క ఉడికిందో లేదో కూడా మీరే చెప్పాలి మరి, నాకేం తెలుసు?" అని చిన్న ముక్క విరిచి అరచేతిలో పెట్టింది. ముల్లు తీసి నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు. గుటక వేశాడు. గొంతు కదిలింది. చూడ్డానికి ఇంకేం మిగిలిందా అని ఆమె వెతుక్కుంటోంది. ఉప్పు ఎప్పుడో సరిపోయిందని ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు.  "ఒక్క ముద్ద" అన్న మాట ఆమె నోటి దాకా వచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది.

"సుధా," అన్నాడు రాఘవులు. "అన్నం ఉందా?"

సుధామయి పొయ్యి వైపు చూసింది. అన్నం లేదు. పారబోయలేక పారబోయలేక ఆ ఇంట్లో అన్నం వండడం మానేసి చాలా రోజులైంది. తానొక్కతే అటుకులో బ్రెడ్డో తిని గడిపేస్తోంది.

"వండలేదండీ," అంది ఏడుపు గొంతుతో. "ఇప్పుడే పెట్టేస్తాను, చిటికెలో అయిపోతుంది. మీరు వెళ్ళి పడుకోండి, పైకి తెచ్చిస్తాను."

"అబ్బే, పైకెందుకు? ఇక్కడే తింటాను," అన్నాడు.

ఆమె గబగబా బియ్యం కడిగి కుక్కర్ ఎక్కించింది. తిరిగి చూస్తే ఆయన కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాడు. పది నిమిషాలు కూర్చుంటే నడుము నొప్పి అనే మనిషి, ఖాళీ కంచం ముందు పెట్టుకుని, కుక్కర్ కూత కోసం చూస్తూ, అలాగే కూర్చుని ఉన్నాడు.